కడుపు జబ్బుకు షుగర్ టెస్ట్ లాంటి రక్త పరీక్ష ఎందుకు లేదు?

పసుపు బండి, దేవరకొండ దగ్గర

అందరికీ నమస్తే. నేను స్కూల్ బస్సు నడుపుతాను. పొద్దున 6:40కి బండి తీస్తే మూడు తండాలు, రెండు ఊళ్లు తిరిగి 8:30కల్లా 44 మంది పిల్లల్ని గేటు లోపల దింపాలి. ఈ రెండు గంటల్లో నాకు కనీసం ఒక్కసారైనా కడుపు మెలిపెడుతుంది. ఏ మలుపు తర్వాత పెట్రోల్ బంకు ఉందో, ఏ ఊళ్లో పంచాయతీ ఆఫీసు బాత్రూంకు తాళం వేయరో నాకు కంఠతా వచ్చు. పిల్లలున్న బండిని రోడ్డు పక్కన ఆపి చెట్ల చాటుకు పోలేను కదా. బండిలో ఆయమ్మ ఉంటుంది, ఆమెకేం చెప్పాలి? అందుకే పొద్దున ఏమీ తినను, చాయ్ కూడా మానేశాను. చాయ్ మానేసిన డ్రైవర్‌ను మీరెక్కడైనా చూశారా?

ఇదంతా మూడేళ్ల కింద మొదలైంది. అచ్చంపేట దగ్గర మా చిన్నమ్మ కొడుకు పెళ్లికి పోయాం. మటన్ బాగానే ఉంది, పెరుగు చట్నీ దగ్గరే ఏదో తేడా జరిగిందని నా అనుమానం. ఆ రాత్రే పది పన్నెండు మందికి వాంతులు, విరేచనాలు. నాకు జ్వరం కూడా వచ్చింది, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. వారంలో అందరూ లేచి తిరిగారు. నేను మాత్రం ఇంకా ఆ పెళ్లిలోనే ఉన్నాను.

అప్పటి నుంచి దాదాపు రోజూ నాలుగైదు సార్లు పోవాలి, అదీ పొద్దున పదిలోపే. ముందు నొప్పి, పోయొస్తే తగ్గుతుంది, మళ్లీ గంటకు మొదలు. రాత్రి నిద్రలో ఎప్పుడూ లేవలేదు, రక్తం పడలేదు. సీబీపీ, షుగర్, థైరాయిడ్, స్కానింగ్, చివరికి హైదరాబాద్ పోయి పెద్దపేగుకు కెమెరా పరీక్ష కూడా చేయించుకున్నా. అంతా కలిపి 14 వేలు దాటింది. ముందు రోజు తాగించిన మందునీళ్ల గురించి చెప్పను, తాగినవాళ్లకే తెలుసు. ముక్క తీసి కూడా చూశారు. అన్నీ నార్మల్. డాక్టర్ గారు "ఐబీఎస్, అంటే పేగు నడిచే తీరు తప్పడం, భయం లేదు, టెన్షన్ తగ్గించుకో" అని రాత్రి వేసుకునే చిన్న గోళీ రాశారు. మెడికల్ షాపు అబ్బాయి అది డిప్రెషన్ గోళీ అన్నాడు. రెండు రోజులు వేసుకుని మానేశా.

నాకు జబ్బు కంటే ఈ "నార్మల్" అనే మాటతోనే యాష్టకొచ్చింది. మా పక్కింటాయనకు షుగర్ 240 అంటే వీధంతా అయ్యో అంటారు, పెళ్లిళ్లలో ఆయనకు వేరే భోజనం పెడతారు. నాకు చెప్పుకోవడానికి ఒక నంబరు లేదు. కరస్పాండెంట్ సారును చిన్న రూటు అడిగితే "జబ్బు అని రాసిన కాగితం తీసుకురా, చూద్దాం" అన్నారు. మా మామ అయితే బండి నడపడం బద్ధకమై చెబుతున్నానని నలుగురిలో అన్నాడు.

మొన్న మా బిడ్డ ఫోన్‌లో చూసి చెప్పింది, అమెరికాలో ఐబీఎస్‌కు రక్త పరీక్ష కనిపెట్టారట, అందులోనూ నాలాగా విషాహారం తిన్నాక మొదలైన వాళ్లకేనట. అది నిజమేనా? అప్పు చేసైనా చేయించుకోవచ్చా? ఇంత సైన్సు ఉండి కడుపుకు ఒక రక్త పరీక్ష చేయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?


ఈతవనం

అన్నా ఇవన్నీ ఎందుకు, పొద్దున్నే ఒక లొట్టి కల్లు తాగు. చెట్టు మీది నుంచి దించింది, కల్తీ లేనిది. కడుపు చల్లబడుతుంది.


పసుపు బండి

స్కూల్ బస్సు డ్రైవర్‌కు చెప్పే మాటేనా తమ్మీ ఇది?


సూది అక్క, మిర్యాలగూడ

అన్నా, నేను 19 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ను. మీలాంటి వాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు, రిపోర్టు చేతిలో పెట్టుకుని "అన్నీ చూశారా అక్కా, ఇంకేమైనా ఉందా" అని అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు మీ చివరి ప్రశ్న. షుగర్ టెస్ట్ సులువు. ఎందుకంటే అక్కడ జబ్బూ, కొలిచేదీ ఒకటే. రక్తంలో చక్కెర పెరగడమే జబ్బు, ఆ చక్కెరనే కొలుస్తాం. ఐబీఎస్‌లో అట్లా కాదు. పేగుకు పుండు ఉండదు, వాపు ఉండదు, నడిచే తీరు తప్పుతుంది. ఇంజన్ విప్పితే ఏ పార్టూ విరగలేదు, కానీ బండి జర్కులిస్తోంది. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే డాక్టర్లు దీన్ని లక్షణాలతోనే పట్టుకుంటారు. ఆ లెక్కను రోమ్ ప్రమాణాలు అంటారు, 2016లో వచ్చింది నాలుగోది. ఆరు నెలల కిందే మొదలై ఉండాలి. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. దానితో పాటు విరేచనానికి పోవడంతో నొప్పికి సంబంధం ఉండటం, ఎన్నిసార్లు పోతారో అది మారడం, విరేచనం తీరు మారడం, ఈ మూడింట్లో కనీసం రెండుండాలి. మీరు రాసింది చదువుతుంటే ఆ ఫారం నింపినట్టే ఉంది.

ఇక ఆ రక్త పరీక్ష. మీ బిడ్డ చెప్పింది నిజమే. లాస్ ఏంజెలెస్‌లో సీడర్స్ సైనాయ్ ఆసుపత్రిలో మార్క్ పిమెంటెల్ అనే డాక్టరు బృందం 2015లో ప్రచురించింది. వాళ్ల ఆలోచన ఇది. విషాహారం కలిగించే కాంపైలోబాక్టర్, సాల్మొనెల్లా, షిగెల్లా లాంటి క్రిముల్లో కొన్ని ఒక విషం వదులుతాయి. అందులో ఒక ముక్క పేరు సీడీటీబీ. ఒళ్లు దాని మీద యాంటీబాడీలు, అంటే క్రిములతో పోరాడే ప్రొటీన్లు, తయారు చేస్తుంది. మన పేగులోనే విన్‌క్యులిన్ అనే సొంత ప్రొటీన్ ఉంది, దానికీ ఆ విషానికీ కొంచెం పోలిక ఉందట. దొంగను వెతుకుతూ వచ్చిన పోలీసులు అదే రంగు చొక్కా వేసుకున్న ఇంటాయనను కొట్టినట్టు, ఆ యాంటీబాడీలు సొంత ప్రొటీన్ మీద కూడా పడతాయి. దాంతో పేగును కదిలించే ఏర్పాటు దెబ్బతింటుందని వాళ్లు చెబుతున్నారు. క్రిమి ఎప్పుడో పోయినా యాంటీబాడీ రక్తంలో మిగులుతుంది కాబట్టి దాన్ని కొలవచ్చు. పద్ధతి కొత్తదేమీ కాదు, మేం రోజూ చేసే ఎలైజానే. ప్లేటులో సీరం వేస్తాం, రంగు వస్తుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో మిషన్ చదువుతుంది.

అసలు కథ లెక్కల దగ్గర ఉంది. వాళ్లు విరేచనాల రకం ఐబీఎస్ ఉన్న 2375 మందిని చూశారు. పోల్చడానికి పేగులో నిజంగా వాపు, పుండ్లు ఉన్నవాళ్లు 142 మంది, గోధుమ పడని సీలియాక్ జబ్బువాళ్లు 121 మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 43 మంది. రంగు 2.80 దాటితే పాజిటివ్ అని గీత గీస్తే, పేగు వాపు ఉన్నవాళ్లను ఐబీఎస్ అని పొరపడకుండా ఉండటం 91.6 శాతం. బాగానే ఉంది. కానీ ఐబీఎస్ ఉన్నవాళ్లను పట్టుకోవడం 43.7 శాతమే.

ఇది మామూలు మాటల్లో చెప్తా. మీలాంటి వాళ్లు వంద మంది సూది పొడిపించుకుంటే 44 మందికి పాజిటివ్ వస్తుంది. మిగతా 56 మందికి మళ్లీ "నార్మల్". మీరు ఏ మాట నుంచి పారిపోతున్నారో ఆ మాటనే అప్పు చేసి కొనుక్కున్నట్టు అవుతుంది.

గీతను కిందికి జరిపితే ఎక్కువ మంది దొరకరా అని అడుగుతారేమో. దొరుకుతారు. కానీ మా దగ్గర రైస్ మిల్లుల్లో జల్లెడ చూశారు కదా, కన్ను పెద్దది చేస్తే బియ్యంతో పాటు రాళ్లూ దిగుతాయి. అక్కడ రాయి అంటే పేగులో పుండున్న మనిషి. ఆయనకు "నీది ఐబీఎస్సే, పో" అని పంపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే వాళ్లు గీతను పైనే పెట్టారు. నాకైతే అది నిజాయితీగానే అనిపించింది. కాకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 43 మందేనా అని కొంచెం అసంతృప్తి.

ఇంకొకటి, మలబద్ధకం రకం ఐబీఎస్‌కు ఈ పరీక్ష పనికిరాదు. మీది ఆ రకం కాదనుకోండి.


రొట్టెల ఇల్లు, నారాయణపేట

సూది అక్క చెప్పినదానికి నా అనుభవం జత చేస్తాను. మా ఇంట్లో కడుపు జబ్బును రక్త పరీక్షే పట్టించింది. కాకపోతే అది వేరే జబ్బు, సీలియాక్.

మా పాపకు ఆరేళ్లు. పొట్ట ముందుకు, చేతులు పుల్లల్లా. రెండేళ్లు ఐరన్ సిరప్ తాగించినా హిమోగ్లోబిన్ 7 దాటలేదు. నులిపురుగుల మందు ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. మేము జొన్న రొట్టె తినేవాళ్లమే, కానీ పాపకు బిస్కెట్, బ్రెడ్డు, చపాతీ అంటే ప్రాణం. మా అత్తమ్మ "మైదా అరగడం లేదు దీనికి" అని రెండు నెలలు అవన్నీ మాన్పించి గట్క, పచ్చిపులుసు పెట్టింది. పాప కొంచెం తేరుకుంది కూడా. అప్పుడు హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు టీటీజీ ఐజీఏ అని రక్త పరీక్ష రాశారు. రిపోర్టు గీత దగ్గర ఊగిసలాడింది, అవునని కాదు, కాదని కాదు.

డాక్టరమ్మ పాప ఏం తింటోందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి, మీ అత్తగారు జబ్బును పట్టుకున్నారు కానీ సాక్ష్యం చెరిపేశారు అంది. గోధుమ తింటుంటేనే ఆ యాంటీబాడీలు రక్తంలో ఉంటాయట, మానేస్తే తగ్గిపోతాయట. మళ్లీ కొన్ని వారాలు రోజూ చపాతీ పెట్టి పరీక్ష చేయించాం. తెలిసి తెలిసి బిడ్డకు విషం పెడుతున్నట్టే ఏడ్చాను. ఈసారి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. తర్వాత ఎండోస్కోపీ చేసి ముక్క తీసి ఖాయం చేశారు.

మన వైపు ఈ జబ్బు అరుదు, అందుకే ఎవరికీ వెంటనే తట్టదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో 1.23 శాతం మందికి ఉంటే దక్షిణంలో 0.10 శాతమే.

ఆ రోజుల్లో నిద్ర పట్టక చాలా చదివాను. ఈ పరీక్ష ఇంత బాగా ఎందుకు పనిచేస్తుందంటే, దోషి ఎవరో ముందే తెలుసు కాబట్టి. నెదర్లాండ్స్‌లో విల్లెం డిక్కే అనే పిల్లల డాక్టరు యుద్ధం చివర, 1944-45 చలికాలం కరువులో చూశాడట, బ్రెడ్డు దొరక్కపోతే ఈ జబ్బు పిల్లలు బాగుపడుతున్నారు, బ్రెడ్డు రాగానే మళ్లీ పడిపోతున్నారు. ఆకలి కాలంలో పిల్లలు కోలుకోవడమేంటి అని నేను రెండుసార్లు చదివాను ఆ ముక్క. ఆ తర్వాత కూడా, ఒళ్లు దేని మీద తిరగబడుతోందో తెలిసింది 1997లో, జర్మనీలో. అంటే గోధుమ అని తెలిశాక కూడా యాభై ఏళ్లు. మరి ఐబీఎస్‌లో దోషి ఒకడో పదిమందో కూడా తేలలేదు.

పసుపు బండి అన్నా, మీకు ఈ టీటీజీ చేశారా? ఒకవేళ చేయించుకుంటే ముందు గోధుమ మానేయకండి. దానితో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడమనండి, ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ, అది పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్లకు పరీక్ష తప్పుగా నార్మల్ చూపిస్తుంది.


పసుపు బండి

లేదమ్మా, నా ఫైల్లో ఆ పేరు లేదు. నేను రోజూ రాత్రి చపాతీలే తింటాను, అన్నం మానేస్తే తగ్గుతుందని ఎవరో చెబితే. ఇప్పుడు భయం పట్టుకుంది. సూది అక్కా, 44 మంది లెక్క చూశాక ఆ అమెరికా పరీక్ష మీద ఆశ సగం చచ్చింది. మరి ఎవరూ ఇంకో మంచిది చేయలేరా?


పిప్పెట్ పోరడు

మాది నాగర్‌కర్నూల్, ఇప్పుడు హైదరాబాద్‌లో బయోటెక్ ల్యాబ్‌లో పని. పరీక్షలు తయారు చేసే వైపు నుంచి నాలుగు మాటలు.

రక్త పరీక్ష తయారు చేయడంలో కష్టం మిషన్‌తో కాదు, ఎవరితో పోల్చాలన్న దగ్గర. జబ్బు ఉన్నవాళ్లనూ గట్టిగా ఉన్న కాలేజీ పిల్లలనూ పోలిస్తే ఏ పరీక్షైనా అద్భుతంగా కనిపిస్తుంది. కానీ డాక్టరు దగ్గరికి కాలేజీ పిల్లలు రారు, మీలాగే కడుపు పట్టుకుని వచ్చేవాళ్లే వస్తారు. వాళ్లలో ఒకరిది ఐబీఎస్, ఒకరిది సీలియాక్, ఒకరిది క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు, ఇంకొకరిది పేగు టీబీ. మన దేశంలో ఈ చివరి రెండింటినీ కెమెరా పెట్టి, ముక్క తీసి చూసినా విడదీయడం కష్టమే, టీబీ మందులిచ్చి తగ్గుతుందా అని ఎదురుచూసే సందర్భాలున్నాయి. కాబట్టి అమెరికాలో గీసిన గీత దేవరకొండలో అట్లాగే పనిచేస్తుందని అనుకోలేం. ఇక్కడ చిన్నప్పటి నుంచి ఎన్ని క్రిములు మన కడుపులోంచి పోయి ఉంటాయి చెప్పండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ ఆ యాంటీబాడీలు ఎంత ఉంటాయో ఇక్కడి రక్తంతోనే చూడాలి.

పెళ్లి భోజనం సంగతి మాత్రం ఊహ కాదన్నా. కెనడాలో వాకర్టన్ అని చిన్న ఊరు. 2000 మే నెలలో తాగునీళ్లలో ఈ.కోలి, కాంపైలోబాక్టర్ కలిసి సుమారు 2300 మంది పడిపోయారు, ఏడుగురు చనిపోయారు. ఆ ఊరివాళ్లను డాక్టర్లు ఎనిమిదేళ్లు వెంబడించి చూశారు. ఆ రోజు జబ్బు పడినవాళ్లలో ఐబీఎస్ మిగతావాళ్ల కంటే ఎక్కువగా మిగిలిపోయింది. ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే అట్లాంటి విషాహారం తర్వాత దాదాపు పది మందిలో ఒకరికి ఐబీఎస్ వస్తుంది. మీ పెళ్లిలో పది పన్నెండు మంది అన్నారు కదా, ఆ ఒకరు మీరయ్యారు. ఇది మీ మామకు చదివి వినిపించండి.

ఇప్పుడు చేతిలో ఉన్నవాటిలో నాకు నచ్చింది రక్త పరీక్ష కాదు, మల పరీక్ష. పేరు కాల్‌ప్రొటెక్టిన్. పేగులో వాపు ఉంటే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి, వాటిలోని ఈ ప్రొటీన్ మలంలో దిగుతుంది. మామూలుగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. ఇది ఐబీఎస్ అని చెప్పదు, వాపు జబ్బు కాదని చెబుతుంది. మీకు కెమెరా పరీక్ష అయిపోయింది కాబట్టి మళ్లీ అవసరమా లేదా డాక్టరే చెప్పాలి. కానీ ఇంకా కెమెరా దాకా పోనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు దీని గురించి అడగండి. మనవాళ్లు రక్తమంటే చెయ్యి చాపుతారు, డబ్బా ఇచ్చి తెమ్మంటే ముఖం తిప్పుకుంటారు. పేగు సంగతి పేగులోంచి వచ్చేదే కదా ముందు చెప్పేది!

రక్తం పడటం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేవాల్సి రావడం, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ముచ్చట్లన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆ చిన్న గోళీ అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు అయి ఉంటుంది, పేరు చూసుకోండి. డిప్రెషన్‌కు వాడే మందే, కానీ ఇంత చిన్న మోతాదులో పేగు నరాల మీద పని చేయడానికి ఇస్తారు, నొప్పి తగ్గిస్తుంది, పేగు వేగం తగ్గిస్తుంది. 2023లో బ్రిటన్‌లో 463 మంది ఐబీఎస్ వాళ్ల మీద పరీక్షించారు, మందు లేని ఉత్తి గోళీ కంటే బాగా పనిచేసింది. మీకు పిచ్చి అని రాసింది కాదు. కాకపోతే మగత వస్తుంది, మీరు పొద్దున్నే పిల్లలను ఎక్కించుకుని స్టీరింగ్ పట్టుకుంటారు. ఆ సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పకుండా మళ్లీ మొదలుపెట్టకండి.


సూది అక్క, మిర్యాలగూడ

అన్నా, ఒక్క మాట అడగడం మరిచిపోయా. సారుకు కాగితం కావాలి అన్నారు కదా. డాక్టరు రాసిన చీటీలో పైన ఏముందో చూశారా? ఐబీఎస్ అనేది జబ్బు పేరే. లక్షణాలు చూసి డాక్టరు రాస్తే అదే నిర్ధారణ, దానికి రక్తం సాక్షి సంతకం పెట్టాల్సిన పని లేదు.


పసుపు బండి

పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి.

ఫైలు తీసి చూశా. కెమెరా రిపోర్టు కింద నలిగిపోయిన చీటీ ఉంది. పైన "ఐబీఎస్" అని, పక్కన గీత పెట్టి "డి" అని ఉంది. ఇన్నాళ్లూ ఆ డి డాక్టరు గారి పొట్టి సంతకం అనుకున్నా. మా బిడ్డ నవ్వి, డి అంటే విరేచనాల రకం నాన్నా అంది. ఎనిమిది నెలలుగా కాగితం బీరువాలోనే ఉంది, నేను కాగితం కోసం అమెరికా దాకా వెతికాను.

మళ్లీ డాక్టరు గారి దగ్గరికి పోయా. టీటీజీ చేయించారు, మొత్తం ఐజీఏ కూడా. రెండూ మామూలుగానే ఉన్నాయి, చపాతీలకు వచ్చిన గండం తప్పింది. కాల్‌ప్రొటెక్టిన్ అడిగితే, కెమెరా చూశాక నీకు అక్కర్లేదు, డబ్బులు దాచుకో అన్నారు. గోళీ సంగతి, బండి సంగతి చెప్పా. ముందు శనివారం రాత్రి వేసుకుని ఆదివారం పొద్దున ఎట్లా ఉంటుందో చూడమన్నారు. మొదటి ఆదివారం తొమ్మిదిన్నర దాకా పడుకున్నా, కాబట్టి ప్రస్తుతానికి గోళీ ఆపి వేరే మందు రాశారు. ట్రిప్పు ముందు వేసుకునేది. నాలుగు రోజులుగా ఫరవాలేదు, అంతకంటే ఎక్కువ చెప్పి దిష్టి పెట్టుకోను.

లెటర్‌హెడ్ మీద మూడు వరుసలు రాయించుకుని సారుకు ఇచ్చా. కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "ఇది నిజంగా జబ్బేనా?" అని ఒకసారి అడిగారు. వాకర్టన్ కథ చెప్పబోయా, చేత్తో ఆపేశారు. సోమవారం నుంచి నాకు టౌన్ ట్రిప్పు. 25 నిమిషాలు, దారిలో రెండు బంకులు.